నోటు మూల మడతపై ముడతాంతకుని సమరం

వినండి! పది గంటల ఎండ ప్రచండమై, దండెం మీది బట్టలన్నింటినీ అట్టముక్కలుగా మారుస్తున్న ఒకానొక బుధవారం ఉదయాన, కూరగాయల దుకాణానికీ సైకిళ్ల మరమ్మతు కొట్టుకూ నడుమ, పదడుగుల పొడవూ ఏడడుగుల వెడల్పూ గల రణరంగంలో, చొక్కా కాలర్ల గర్వభంజకుడు, దుప్పటి దుర్గాల విజేత, ఇరుగుపొరుగు ముద్దుగా ‘ముడతాంతకుడు’ అని పిలిచే యాభై ఏళ్ల ఇస్త్రీ పనివాడు తన బల్ల మీది కంబళ్లను పైకెత్తాడు.

ఎత్తడానికి కారణం వీరావేశం కాదు. అడుగు కంబళి కమురు కంపు కొడుతోందని ఇల్లాలు వారం నుంచి చెవినిల్లు కట్టుకుని పోరుతోంది.

మొదటి కంబళి తనది. రెండోదీ మూడోదీ తండ్రివి. అట్టడుగుది తాతది. దాన్ని లేపగానే, అరవై ఏళ్లుగా సూర్యరశ్మి ఎరుగని చెక్క మీద, ఎన్నడో చలామణి తప్పిన ఒక పాత కాగితపు నోటు పాతాళంలో కునుకు తీస్తున్న నాగరాజులా వెల్లకిలా పడుకుని ఉంది. అహో, దాని నిగనిగ! మూడు తరాల ఇస్త్రీ తన మీదుగా సాగగా నలగని అంచులతో, చెదరని రంగులతో అది కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది.

కానీ దాని కుడి పై మూల ముందుకు మడిచి ఉంది.

బొటనవేలి గోరంత మడత! తాతా, తండ్రీ, తానూ లక్ష చొక్కాలను దాని నెత్తిన సాగదీసినా లొంగకపోగా, ప్రతి వత్తిడికీ మరింత పదునెక్కిన మొండి మడత! ముడతాంతకుని కుడిచేయి దానంతటదే ఇస్త్రీపెట్టె వైపు కదిలింది.

“ముట్టుకోకు! ఊపిరి కూడా అటు వదలకు!”

గుమ్మంలో పాతనోట్ల మాస్టారు. బడి నుంచి రిటైరయ్యాక పాత నోట్లు సేకరించడమే పనిగా పెట్టుకున్న పెద్దమనిషి. ప్రతి బుధవారం ప్యాంట్లు ఇస్త్రీకి వేయడానికి వస్తాడు. చేతిలోని ప్యాంట్లను పెద్దమనిషి ఎంత విసురుగా బల్ల మీద పడేశాడంటే, నడుం పట్టీ లోపల చాకలి సిరాతో వేసిన ఆ ఇంటి గుర్తు, రెండు చుక్కలూ వాటి కింద ఒక అడ్డగీతా, పైకి కనిపించింది. ఏ బట్ట ఏ ఇంటిదో మారిపోకుండా తాత కాలం నుంచి ఆ కొట్టులో ఇంటికో గుర్తు. పేర్లు మరిచిపోతాడేమోగాని, గుర్తులు ముడతాంతకుడు నిద్రలో అడిగినా చెబుతాడు.

“ఏమయ్యా, దీని ఖరీదెంతో తెలుసా? మచ్చ లేకపోతే నీకో కొత్త ఆవిరి ఇస్త్రీపెట్టె వచ్చేంత డబ్బిస్తాను.”

ఆవిరి ఇస్త్రీపెట్టె! ఎదుటి కొట్టువాడు అలాంటిది తెచ్చి బుసబుసమనిపించిన నాటి నుంచి ఈ కొట్టుకు వచ్చే చొక్కాల్లో సగం రోడ్డు దాటిపోయాయి.

“మరి ఆ మడత?” అన్నాడు ముడతాంతకుడు.

“అదే చెబుతున్నా. వేడి తగిలిందా, కాగితం చచ్చిందన్నమాటే. పైసా ఇవ్వను. నా పట్టకారూ భూతద్దమూ తెచ్చుకుని నాలుగింటికి వస్తా. నేనే విప్పుతా. అందాకా ఇస్త్రీ చెయ్యకు. నీ సంగతి నాకు తెలుసు.”

మాస్టారు వెళ్లాడు. ఇల్లాలు నోటు మీద ఒక అద్దపు పలక బోర్లించింది. అద్దం కింద నుంచి మడత ముడతాంతకుని వంకే చూసింది.

ఇక ఆరంభమైంది మహాసంగ్రామం. పదకొండింటికి ముడతాంతకుడు ఒకే దిండు గలీబును నాలుగుసార్లు ఇస్త్రీ చేశాడు. పన్నెండింటికి తిన్నదేమిటో తెలియకుండా తిన్నాడు. ఒంటిగంటకు అరచేతులు దురదపెట్టాయి. రెండింటికి, జ్వలితలోహతలభీషణమైన ఇస్త్రీపెట్టెను గదలా ఎత్తిపట్టి, నోటు ముందు నిలిచి సింహనాదం చేశాడు:

“ఓరీ త్రికోణాధమా! వెయ్యి కాలర్ల వంకర తీర్చిన వాణ్ణి, పరుపంత దుప్పట్లను పలకలు చేసిన వాణ్ణి, నా తాత బల్ల మీద, నా కళ్లెదుట, నువ్వు మడిచిన మూల మడిచినట్టే ఉంటావా? ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం ఈ అద్దం తొలగెనా...”

“ఆ చెయ్యి ఎక్కడికి పోతోందండీ?” అంది ఇల్లాలు, మాస్టారి ప్యాంట్లు మడతపెడుతూ.

“నేను పంపలేదే. దానంతటదే పోతోంది.”

“దానంతటదే వెనక్కి రమ్మనండి. ఆవిరి పెట్టె వస్తే ఆ బుసలు మన కొట్లో వినపడతాయి. ఎదుటివాడి మొహం చూడాలని నాకెంత ఉందో!”

“తడిగుడ్డ వేసి, మీద మీద...”

“ఏవండీ!”

ఆ మూడక్షరాల అస్త్రానికి ప్రత్యస్త్రం ముప్పై ఏళ్లుగా ఎవరూ కనిపెట్టలేదు. ముడతాంతకుడు పెట్టె దించాడు. మూడింటికి ఇల్లాలు ఇస్త్రీపెట్టె కరెంటు తీగ ఊడదీసి ఒళ్లో పెట్టుకు కూర్చుంది. మూడున్నరకు ఆ వీరుడు మడతకు వీపు తిప్పి, గోడ మీది పెచ్చులు లెక్కపెట్టాడు.

నాలుగింటికి పట్టకారుతో, భూతద్దంతో మాస్టారు వచ్చాడు. వీధి మొత్తం ఊపిరి బిగపట్టిందని చెబితే అబద్ధం. సైకిళ్లవాడు ట్యూబుకు గాలి కొడుతూనే ఉన్నాడు. కానీ కొట్టులోపల మూడు గుండెలు మాత్రం డప్పులయ్యాయి. అద్దం తొలగింది. పట్టకారు కదిలింది. అరవై ఏళ్ల మూల వెంట్రుకవాసి చొప్పున లేచి నిలబడింది.

“అయ్యో!” అన్నాడు మాస్టారు. “ఎవరో సిరాతో గీసి పాడుచేశారయ్యా. గీతలు పడితే విలువ పావలా వంతే. పోనీలే, నీ కష్టం చూసి సగం ఇస్తాను.”

ముడతాంతకుడు వంగి చూశాడు. చూసి కొయ్యబారిపోయాడు. మడత చాటున, తాత చేతి రాతతో, చాకలి సిరా: రెండు చుక్కలు, కింద ఒక అడ్డగీత.

ఇల్లాలూ చూసింది. చూసి గాజులు గలగలమనేలా మోచేత్తో పొడిచింది. ఆ పోటుకు అర్థం ఒక్కటే: నోరు మెదపకండి, సగమైనా వస్తుంది! ఎదుటి కొట్టులో ఆవిరి పెట్టె బుసకొట్టింది. పొద్దుటి నుంచి జరిగిన యుద్ధం ఆటలా అనిపించే మరో యుద్ధం ముడతాంతకుని లోపల లేచి, మూడు గుటకల సేపు సాగి, ముగిసింది.

“మాస్టారూ, అది గీత కాదు. గుర్తు. మీ ఇంటి గుర్తు.”

ఇల్లాలు తల పట్టుకుంది. మాస్టారు, మడతపెట్టి సిద్ధంగా ఉన్న తన ప్యాంటు నడుం పట్టీ తిప్పి చూశాడు. భూతద్దంతో నోటు చూశాడు. మళ్లీ ప్యాంటు చూశాడు.

“మా నాన్న చొక్కా జేబు!” అన్నాడు చివరికి. “నా చిన్నప్పుడు ఆయన జేబులో నోటు పోయిందని మీ తాత మీద కేకలేసి పక్క వీధి కొట్టుకు మారాడు. ఆ పక్క వీధివాడు ప్యాంటుకు రెండు గీతలు పడేలా ఇస్త్రీ చేసేవాడు కాబట్టి, పెద్దయ్యాక నేను మళ్లీ ఇక్కడికి వచ్చాను. మీ తాత కొట్టంతా గాలించాడటయ్యా!”

“గాలించే ఉంటాడు. బల్ల మీది కంబళి మాత్రం ఎత్తి ఉండడు. దానిమీద ఇస్త్రీ నడుస్తుంటుంది కదా.”

“జేబులో దొరకగానే మా ఇంటి గుర్తు వేసి, సిరా అంటకుండా మూల మడిచి, పదిలంగా దాచి...”

“అంత పదిలంగా దాచి, ఎక్కడ దాచాడో మరిచిపోయాడు,” అంది ఇల్లాలు. “ఈ ఇంటి మగవాళ్లంతా ఇంతే.”

ముడతాంతకుడు నోటును రెండు చేతులా అందించాడు. “తీసుకోండి మాస్టారూ. అరవై ఏళ్లు ఆలస్యమైంది, ఏమనుకోకండి. మా కొట్లో వస్తువు పోదు.”

మాస్టారు కళ్లు తుడుచుకున్నాడు. అదే అదనుగా ముడతాంతకుడు చేతులు నలుపుకున్నాడు.

“ఒక్కటడగనా? గుర్తు పడ్డాక దాని ఖరీదు ఎలాగూ పోయిందన్నారు.”

“పోయింది.”

“అమ్మరు కూడానూ.”

“అమ్మడమా! పటం కట్టించుకుంటాను.”

“పటంలో ఆ మడత గీత కనబడితే బాగుంటుందా, చెప్పండి?”

మాస్టారు అతని మొహంలోకి చూశాడు. పొద్దుటి నుంచీ అక్కడ ఏమేమి జరిగిందో అంతా ఆ మొహంలో చదువుకున్నాడు.

“చెయ్యి,” అన్నాడు.

ఇల్లాలు ఒళ్లోని తీగ అందించింది. పెట్టె వేడెక్కింది. తడిగుడ్డ పరుచుకుంది. ముడతాంతకుడు, తండ్రినీ తాతనూ మనసులో తలచి, భుజబలమంతా ముంజేతికి దించి, ఒక్క వత్తు వత్తాడు! చుయ్యిమంది గుడ్డ. లేచింది, వాళ్ల పాత పెట్టె నుంచే, చిటికెడు ఆవిరి.

గుడ్డ తీసి చూస్తే మడత లేదు. దాని గీత లేదు. గీత ఉండేదన్న అనుమానమే లేదు.

మాస్టారు కూలి ఇవ్వబోయాడు. “ఎంతయ్యా?”

“రుమాలు రేటు ఇవ్వండి.”

“ఏ రుమాలు? చేతి రుమాలా, తల రుమాలా?” అంది ఇల్లాలు వెంటనే.

ఆ విధంగా, నోటు పోయి, ఆవిరి పెట్టె పోయి, అరపూట పని పోయినా, చేతి రుమాలు కూలి ఒకటి గెలుచుకుని, గోరంత మడత గర్వమడచిన ముడతాంతకుడు, ఆ సాయంత్రం ఎదుటి కొట్టువాడికి కనబడేటట్టు గుమ్మంలో నిలబడి, చొక్కా చేతులు పైకి మడిచాడు. మడిచి, అవి సమంగా లేవని విప్పి, ఇస్త్రీ చేసుకుని, మళ్లీ మడిచాడు.