నిశ్శబ్ద మార్గంలో ఎర్సీలియా కేక

సైకిల్ మీద పోయేవాళ్ళు దారిలో మనుషుల్ని పలకరించడం నేరంగా ప్రకటించాలి. అవును, నేరమే! చాలా ఆలోచించే ఈ మాట అంటున్నాను.

మీరూ ఆలోచించండి. కొండల మధ్య మెలికలు తిరిగే దారి. ఇటు ఆలివ్ తోటలు, అటు పొద్దుతిరుగుడు చేలు. ఏ మిలాన్ నుంచో, ఏ జర్మనీ నుంచో ఒక పెద్దమనిషి ఒంటికి అతుక్కుపోయే చొక్కా తొడుక్కుని, తన చెప్పుల కంటే తేలికైన సైకిలెక్కి, ప్రశాంతత కోసం వస్తాడు. సరిగ్గా అది దొరికే క్షణంలో మలుపు అవతలి నుంచి ఓ ముసలావిడ "ఏవయ్యా, పోయావా, ఉన్నావా?" అని కేకేస్తే? ఆయన గుండె ఏమైపోవాలి?

అందుకే మా ఊరు మోంతెగ్రిల్లో నుంచి కొండ కింద ఫోస్సోనేరో ఊరి దాకా ఉన్న పదకొండు కిలోమీటర్ల దారికి దేశంలోనే మొదటి స్థానమిచ్చి, ప్రభుత్వం 'నిశ్శబ్ద సైకిల్ మార్గం'గా గుర్తింపు ప్రకటించినప్పుడు, చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. చప్పుడు రాకుండా కొట్టానని మనవి.

ఆ కేకేసే ముసలావిడ పేరు ఎర్సీలియా. డెబ్బై రెండేళ్ళు. ముప్పై ఏళ్ళు ఇదే దారిలో సైకిల్ మీద ఉత్తరాలు పంచింది. పోస్టాఫీసు మూతపడ్డాక ఉత్తరాలు ఆగాయి గానీ ఆవిడ కాళ్ళు ఆగలేదు. మా ఊరి రొట్టెల కొట్టు కూడా మూతపడడంతో, రోజూ తెల్లారగానే ఫోస్సోనేరోకి దిగి, రొట్టెలు బుట్టలో వేసుకుని, కొండ ఎక్కుతూ దారిలో ఉన్న తొమ్మిది ఇళ్ళ గేట్లకీ తగిలిస్తుంది. తగిలించి కేకేస్తుంది. లోపల్నుంచి జవాబొస్తే ముందుకు పోతుంది. రాకపోతే సైకిల్ దిగుతుంది. ఆ తొమ్మిది ఇళ్ళలోనూ ఒంటరివాళ్ళే. అందరికంటే పెద్దవాడు నజ్జరేనో. ఎనభై నాలుగేళ్ళు, నాలుగో మలుపులో ఇల్లు, ఇంటిముందు అత్తి చెట్టు.

"నజ్జరేనో! పోయావా, ఉన్నావా?"

"ఇంకా పోలేదమ్మా! నీ రొట్టె తిని పోదామని ఆగాను!"

ఇదీ వాళ్ళ సంభాషణ. పదకొండేళ్ళుగా ఒక్క ముక్క మారలేదు. నాగరికులు వినదగ్గదేనా?

సరే, నిశ్శబ్దానికి ప్రారంభోత్సవం జరిగింది. మూడు ఊళ్ళ బ్యాండు మేళాలు వచ్చాయి. మేయరమ్మ ఓర్నెల్లా గారు నాలుగు లౌడ్‌స్పీకర్లలో గంటంపావు సేపు నిశ్శబ్దం గొప్పతనం గురించి మాట్లాడారు. తర్వాత మూడు వారాలపాటు రాళ్ళు పగలగొట్టి, 'నిశ్శబ్దం' అని నలభై మూడు బోర్డులు పాతారు. ఆ మూడు వారాలూ ఊళ్ళో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. అంతకంటే నిశ్శబ్దం ఏం కావాలి?

నిబంధనలు కూడా ఎంతో ముచ్చటైనవి. సైకిల్ బెల్లు కొట్టకూడదు. గొలుసు కీచుమనకూడదు. పలకరింపు తలో చెయ్యో ఊపడం వరకే. దారి పక్కన ఉండేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. కోడిపుంజుని పక్క జిల్లాలో చుట్టాలింటికి పంపేశారు. చర్చి గంటకి ఉన్ని దుప్పటి చుట్టారు. ఇప్పుడు టైమెంతయిందో ఫాదర్ గారే గుమ్మంలో నిలబడి వేళ్ళతో చూపిస్తారు. పదకొండింటికీ పన్నెండింటికీ మాత్రం రెండు విడతలు చూపించాలి, పాపం.

వీటిని అమలు చేసే బాధ్యత తార్చీజియోకి అప్పగించారు. అంతకుముందు అతను మునిసిపాలిటీలో సమాధుల దగ్గర గడ్డి కోసేవాడు. మెత్తటి మనిషి. ఇప్పుడు తెల్ల టోపీ పెట్టి, చప్పుడు కొలిచే మిషను మెళ్ళో వేలాడదీసి పొదల్లో కూర్చోబెట్టారు. మిషను నలభై దాటితే లేచి చీటీ రాయాలి. మూడు చీటీలొస్తే సైకిల్ జప్తు. సైకిల్ లేనివాళ్ళైతే, వాళ్ళ ఇంటిముందు 'ఇక్కడ గోల మనిషి ఉన్నాడు' అని బోర్డు పెడతారు.

ఎర్సీలియాకి మొదటి చీటీ కేకకి, రెండోది గొలుసుకి వచ్చాయి. నజ్జరేనోకి తుమ్మినందుకు ఒకటి, ఆ తుమ్ముని తనే తిట్టుకున్నందుకు ఇంకోటి వచ్చాయి.

ఆ రోజు నుంచి ఎర్సీలియా నోరు మూసుకుంది. గొలుసుకి ఆలివ్ నూనె పోసింది. తొమ్మిది గేట్లకీ దొంగలా రొట్టె తగిలించి వచ్చేసేది. ఇంటికొచ్చాక మాత్రం ఆవిడకి ఏదో మరిచిపోయినట్టు ఉండేది. బుట్ట తిరగేసి చూసుకునేది. బుట్ట ఖాళీగానే ఉండేది.

సెప్టెంబరులో ఒక గురువారం పొద్దున్న, ఏడుంబావుకి, నజ్జరేనో అత్తిపళ్ళు కోద్దామని నిచ్చెనెక్కాడు. నిచ్చెన జారింది. దారి పక్కన కాలవలో పడ్డాడు. కాలు విరిగింది.

పాఠకులారా, ఇక్కడే చూడండి ఆయన క్రమశిక్షణ! అరవలేదు. అప్పటికే రెండు చీటీలున్నాయి. మూడోది వస్తే ఇంటిముందు బోర్డు పెడతారు. ఎనభై నాలుగేళ్ళు తలెత్తుకు బతికిన మనిషి ఆ అప్రతిష్ఠ ఎలా భరిస్తాడు? అందుకని టోపీ తీసి, చెయ్యి పైకెత్తి, నెమ్మదిగా ఊపుతూ పడుకున్నాడు.

తర్వాతి రెండు గంటల్లో అరవై రెండు సైకిళ్ళు పోయాయి. కాలవలో ఇంకేం పని లేక ఆయనే లెక్కపెట్టుకున్నాడు. ప్రతి ఒక్కరూ తిరిగి చెయ్యి ఊపారు! ఒకాయన దిగి ఫొటో తీసుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు తుడుచుకుని మరీ వెళ్ళాడు. ఇంత మర్యాద ఏ గోల దారిలో దొరుకుతుంది?

తొమ్మిదిన్నరకి ఎర్సీలియా కొండ ఎక్కుతూ వచ్చింది. గేటుకి రొట్టె తగిలించింది. తలుపు తెరిచే ఉంది. లోపల్నుంచి కాఫీ మాడిన వాసన. ఒక్క క్షణం ఆగింది. నోరు తెరిచింది. మూసుకుంది. సైకిలెక్కింది.

రెండు మలుపులు పోయింది. ఆ రెండు మలుపులూ కాళ్ళు తొక్కుతున్నాయి గానీ మనసు తొక్కడం లేదు. నజ్జరేనో కాఫీని మాడనిచ్చే మనిషి కాదు. మూడో మలుపులో సైకిల్ వెనక్కి తిప్పి, బ్రేకు పట్టకుండా జారుకుంటూ వచ్చింది. దారి మధ్యలో కాలు నేలకి ఆనించి, ఊపిరంతా పీల్చుకుంది.

"నజ్జరేనో! పోయావా, ఉన్నావా?"

ద్రాక్షతోటలో పిట్టలన్నీ లేచిపోయాయి. వాటితోబాటు ఒక జర్మన్ పెద్దమనిషి సైకిల్‌తో సహా ద్రాక్షతోటలోకి పోయాడు.

కాలవలోంచి గుసగుసగా జవాబొచ్చింది. "ఉన్నానే... మెల్లగా అను, తల్లీ. తార్చీజియో ఆ పొదలోనే ఉన్నాడు."

నిజంగానే ఉన్నాడు! పది బారల దూరంలో, ఏడు గంటల నుంచీ. పొదలోంచి లేచి వచ్చాడు.

"ఒరే తార్చీజియో! ఇక్కడే కూర్చున్నావా? పక్కన మనిషి పడితే నీకు వినపడలేదుట్రా?"

"పొద్దున్న ఏదో ధబ్బుమందమ్మగారూ. కానీ మిషను ముప్పై తొమ్మిదే చూపించింది. నలభై దాటితేనే నేను లేవాలి."

"మరి ఇప్పుడెంత చూపించింది?"

"తొంభై ఒకటి." అతను చీటీల పుస్తకం తీశాడు. "మీకు ఇది మూడోది. నన్నేం చెయ్యమంటారు చెప్పండి?"

"రాయి. రాసి జేబులో పెట్టుకుని ఈయన కాలు పట్టుకో. ఊడిపోయేలా కాదు, మెల్లగా!"

తార్చీజియో చీటీ రాశాడు. రాస్తూ ఏడ్చాడు. ఏడుపు ముప్పై ఐదు దాటకుండా జాగ్రత్తపడ్డాడు. పట్నం నుంచి అంబులెన్సు గంటా పది నిమిషాలకి వచ్చింది. సైరన్ వేసుకోలేదు. నిశ్శబ్ద మార్గం కదా!

సైకిల్ జప్తయింది. మర్నాడు తొమ్మిది గేట్లకీ రొట్టె లేదు. ఎర్సీలియా గుమ్మంలో కూర్చుంది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. హ్యాండిల్ లేని చేతులు ఆవిడకి కొత్త.

మూడోరోజున లేచి నడుచుకుంటూ నజ్జరేనో కొట్టంలోకి పోయి, ఆయన మూడు చక్రాల మోటారు బండి బయటికి తీసింది. దాని సైలెన్సర్ ఎప్పుడో తుప్పుపట్టి రాలిపోయింది. స్టార్టు చేస్తే ఫోస్సోనేరోలో పాలు విరిగాయంటారు. నేను నమ్మను, సగమే విరిగి ఉంటాయి.

తార్చీజియో పరిగెత్తుకొచ్చాడు. మిషను నూట ఎనిమిది దాకా పోయి ఆగిపోయింది. నిబంధనల కాగితం తీసి మూడుసార్లు చదివాడు. అందులో సైకిళ్ళున్నాయి, దారి పక్కవాళ్ళున్నారు. ఇంజను బండి గురించి, అందులో కూర్చున్నవాళ్ళ గురించి ఒక్క మాట లేదు. సైకిల్ మార్గంలో వాటి ఊసు ఎందుకని రాయలేదట! అతను కాగితం మడిచి, టోపీ తీసి, దారి ఇచ్చాడు. మొహం మీద నవ్వు ఉందని కొందరు అంటారు.

ఇప్పుడు ఎర్సీలియా చట్టబద్ధంగా, హారన్ కొడుతూ, గొంతు చించుకుంటూ కొండ ఎక్కుతోంది. మిగతా ఎనిమిది ఇళ్ళవాళ్ళూ కిటికీలు తెరిచి జవాబిస్తున్నారు. వారం తిరిగేసరికి ఆ ఎనిమిది ఇళ్ళ ముందూ గోల మనిషి బోర్డులు వెలిశాయి. చంకకర్రలతో తిరిగొచ్చిన నజ్జరేనో మొదటి రోజే కేకేసి తొమ్మిదో బోర్డు సంపాదించుకుని, ముందు దాన్ని శుభ్రంగా తుడిచి, తర్వాత కూర్చున్నాడు.

అయినా నా పక్షం మారలేదు. నిశ్శబ్దం నిశ్శబ్దమే! అందుకే గుర్తింపు మరో ఏడాది పొడిగించమని దరఖాస్తు నింపడానికి, పత్రికలో కాలమ్ రాసే చెయ్యి కదా అని మేయరమ్మ నన్ను పిలిస్తే, సంతోషంగా వెళ్ళాను.

ఆ ఫారం చూశాక గానీ మాకు మొదటి స్థానం ఎలా వచ్చిందో అర్థం కాలేదు. ఊళ్ళో బడి ఉందా? లేదు, పది మార్కులు. ఆసుపత్రి? లేదు, పది మార్కులు. బస్సు? ఆరేళ్ళ కిందట ఆపేశారు, పది మార్కులు. పదేళ్ళలోపు పిల్లలు ఎందరు? ఎవరూ లేరు. దానికి ఇరవై!

చివరి ప్రశ్న: "మీ ఊరి నిశ్శబ్దం ఇలాగే పెరగడానికి ప్రభుత్వం ఇంకా ఏం చేయాలి?"

గుండ్రటి అక్షరాలతో రాశాను: "కొత్తగా ఏమీ అక్కర్లేదు. ఇన్నేళ్ళుగా చేస్తున్నదే చెయ్యండి. ఇంకా నలభై ఒక్క మందిమే మిగిలాం."