పన్నెండు మంది, ఒక మెడ

సౌదీలో ఉంటున్న తెలుగువారికి ఇకపై అమెరికా స్థాయి న్యాయం అందుతుందని మా పార్టీ గల్ఫ్ విభాగం కన్వీనర్ పీరయ్య గారు ప్రకటించారు. పన్నెండు మంది మామూలు మనుషులు కూర్చుని తీర్పు చెప్పే జ్యూరీ పద్ధతి ఈ దేశంలో లేదు కదా అని ఎవరో గుర్తు చేశారు. "లేదు గన్కనే మనం తెస్తున్నం" అన్నారాయన. ప్రెస్ నోట్లు రాసే కార్యకర్తగా, ఆ మాటను పత్రికలకు పంపే భాగ్యం నాకు దక్కింది.

ఈ సంస్కరణ ఊరికే పుట్టలేదు. పార్టీకి గల్ఫ్ చైర్మన్‌ను ప్రకటించడానికి రాష్ట్రం నుంచి మంత్రిగారు త్వరలో దమ్మామ్ వస్తున్నారని కబురొచ్చింది. మన దగ్గర నాయకుడి కారుకీ వెనక కారుకీ మధ్య ఎంత తక్కువ ఖాళీ ఉంటే అంత భక్తి ఉన్నట్టు లెక్క. నిమ్మకాయ పెడితే కింద పడకూడదు. ఇన్నేళ్ళ గల్ఫ్ జీవితంలో కాన్వాయ్ అలవాటు తప్పిపోయిందేమోనని పీరయ్య గారు హుఫూఫ్ రోడ్డు మీద సాధన మొదలుపెట్టారు. మంత్రిగారు ఇంకా రాలేదు కాబట్టి, ముందు వెళ్తున్న పనివాళ్ళ వ్యాన్‌నే మంత్రిగారి కారనుకున్నారు. పక్క సీట్లో నేనున్నాను. భక్తితో ఆయన కళ్ళు చెమర్చడం చూశాను. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది. వ్యాన్ ఆగింది. భక్తి ఆగలేదు.

యాక్సిడెంట్లు చూసే ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఫోన్‌లో ఫొటోలు తీసుకుని, వెనక బండిదే నూటికి నూరు శాతం తప్పని తేల్చి వెళ్ళాడు. పీరయ్య గారు నిర్ఘాంతపోయారు.

"నూటికి నూరు మన పార్టీకి ఓట్లే రాలే. తప్పెట్ల వస్తది?"

వ్యాన్ వెనక సీట్లో కూర్చున్న మొండయ్యకు మెడ పట్టేసింది. అతను జగిత్యాల దగ్గరి మనిషి, ఫాల్స్ సీలింగ్ పనివాడు. తలెత్తితేనే ఉద్యోగం. ఆసుపత్రిలో నర్సు రూబీ అతని మెడకు పట్టీ వేసి, రెండు మూడు నెలలు సరిగ్గా వైద్యం చేయిస్తే తల మళ్ళీ లేస్తుందని చెప్పింది. ఆ వైద్యం పీరయ్య గారి కారు ఇన్సూరెన్స్ చేయించాలి. చేయిస్తే కేసు నిలబడుతుంది. కేసున్న మనిషికి గల్ఫ్ చైర్మన్ పదవి రాదు. కాబట్టి మొండయ్య తనాజుల్ ఇవ్వాలి, అంటే నాకెవరి మీదా ఏ హక్కూ వద్దని సంతకం పెట్టాలి. మొండయ్య పెట్టనన్నాడు. ప్రజాస్వామ్యంలో ఇలాంటి మొండితనం ఎదురైనప్పుడే జ్యూరీ అవసరపడుతుంది.

పన్నెండు మందిని పూర్తి నిష్పక్షపాతంగా ఎంపిక చేశారు. తొమ్మిది మంది పీరయ్య గారు మేనేజరుగా ఉన్న మ్యాన్‌పవర్ కంపెనీవాళ్ళు. ఇద్దరు ఆయన రూమ్మేట్లు. పన్నెండోవాణ్ణి నేను. మొండయ్య ఈ దేశంలో ఉండేందుకు కావలసిన ఇఖామా కార్డు కూడా అదే కంపెనీ ఇచ్చింది కావడంతో విచారణకు ఇంటి వాతావరణం వచ్చింది.

అల్ ఖోబర్‌లో ఒక హోటల్ పార్టీ హాలు తీసుకున్నాం. ఇక్కడ రాజకీయ సభలకు హాలివ్వరు. అందుకని పుట్టినరోజని చెప్పి, కేకు తెచ్చి, మొండయ్యను దాని ముందు కూర్చోబెట్టాం. వెయిటర్ లోపలికొచ్చినప్పుడల్లా విచారణ ఆపి చప్పట్లు కొట్టాలని తీర్మానం చేసుకున్నాం.

పీరయ్య గారు లేచి వాదన ప్రారంభించారు.

"ఎర్రలైటు పడంగనే వ్యాన్ ఎవ్వలకు చెప్పకుంట ఆగింది. కాన్వాయ్‌ల ముందటి బండి ఆగుతదా? మంత్రిగారు ఎన్నడన్న ఎర్రలైటుకు ఆగిండ్రా?"

జ్యూరీ ఎన్నడూ లేదని తలూపింది.

"అది కాన్వాయ్ అని మాకెట్ల తెలుస్తది సార్? మేం డ్యూటీకి పోతున్నం" అన్నాడు మొండయ్య కేకును చూస్తూ. అతని చూపు అంతకన్నా పైకి వెళ్ళదు.

"వెనకకు మర్రి చూస్తె తెలుస్తుండె. నువ్వెటు మొఖం పెట్టి కూసున్నవ్?"

"ముందటికే సార్. సీట్లట్లనే ఉంటయి."

"విన్నరా! నాయకుడొస్తుంటె వీపు పెట్టి కూసున్నడు!"

వెయిటర్ సమోసాలు పట్టుకొచ్చాడు. పన్నెండు మందిమీ లేచి మొండయ్యకు హ్యాపీ బర్త్‌డే పాడాం. అతను ఏం చేయాలో తోచక కొవ్వొత్తి ఊదాడు. వెయిటర్ వెళ్ళాక మళ్ళీ వెలిగించాం.

తర్వాత సాక్షిగా రూబీ మాట్లాడింది. నైట్ డ్యూటీ చేసి నిద్రలేకుండా వచ్చిన భీమవరం పిల్ల, మర్యాద తగ్గలేదు.

"మొండయ్య గారి మెడ బాగా దెబ్బతిందండి. ఇప్పుడు చూపించకపోతే ఆ తల ఇంక లేవదు. పీరయ్య గారూ, మీ ఎక్స్‌రే కూడా నేనే తీయించాను కదండీ, మీకేం అవ్వలేదు."

"నాకు తగిలింది ఎక్స్‌రేల కనవడదమ్మా. మనోభావాలు దెబ్బతిన్నయి."

"వాటికి మా దగ్గర వార్డు లేదండి" అని రూబీ వెళ్ళిపోయింది.

జ్యూరీ సమోసాలు అయ్యేవరకు చర్చించింది. ఒక మనిషి మెడకన్నా ఒక నాయకుడి మనోభావాలు విశాలమైనవి కాబట్టి మొండయ్య సంతకం పెట్టాలని ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. నేనూ చెయ్యెత్తాను. ఆ కారులో కూర్చుని కళ్ళారా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే కావడం వల్ల, నా చేతికి మంచి విలువ వచ్చింది.

మొండయ్య కాగితం వైపు చూశాడు. అతనికి తేలిగ్గా కనిపించేది అదొక్కటే. తర్వాత సంతకం పెట్టాడు. బాధితులెవరో తేలిపోయింది కనుక, మెడపట్టీ విప్పి పీరయ్య గారి మెడకు కట్టారు. ఆయన చక్కగా మూలిగారు.

అప్పుడే మంత్రిగారు వీడియో కాల్‌లోకి వచ్చారు. తీరిక లేక ప్రయాణం రద్దయిందనీ, పదవి మాత్రం ఇప్పుడే ప్రకటిస్తాననీ చెప్పారు. మేమంతా ఫోన్ వైపు మెడలు చాచాం. ఒక్క మొండయ్యే తలొంచుకుని ఉన్నాడు.

"ఆ మూలకున్న పెద్దమనిషి ఎవలయ్యా?" అన్నారు మంత్రిగారు. "అందరు నా మొఖంల మొఖం పెట్టి చూస్తుండ్రు, ఆయన తల్కాయ గూడ ఎత్తుతలేడు. గంత వినయమున్న కార్యకర్తను నేను చూడలే. గల్ఫ్ చైర్మన్ ఆయననే!"

పీరయ్య గారి మనోభావాలు ఈసారి మాకందరికీ కనిపించాయి.

కానీ ఆయన క్రమశిక్షణ గల మనిషి. మర్నాడే పార్టీ నిబంధనలు తిరగేశారు. గల్ఫ్ చైర్మన్ గల్ఫ్‌లోనే నివసించాలని ఉంది. ఆ వారంలోనే, సీలింగ్ వైపు చూడలేని మనిషి సీలింగ్ పనికి పనికిరాడని కంపెనీ మొండయ్యకు వీసా రద్దుచేసి ఇంటికి పంపే ఫైనల్ ఎగ్జిట్ కొట్టింది. మేనేజరుగా సంతకం పెట్టే బాధ్యతను పీరయ్య గారు గుండె రాయి చేసుకుని నెరవేర్చారు.

వెళ్ళిపోతున్న చైర్మన్‌ను సాదాసీదాగా పంపడం పార్టీకి మర్యాద కాదు. పనివాళ్ళు ఉండే క్యాంపు గేటు ముందు ఎనిమిది కార్లు నిలిపాం. పీరయ్య గారు మొండయ్య మెడలో పార్టీ కండువా వేసి, మొదటి కారు తలుపు తామే తీశారు. ఆయన కారు బంపరు రిపేరయి, ఆ వెనకే నిలబడి ఉంది.

మొండయ్య చేతులు జోడించాడు.

"పీరయ్య సార్, సంతకం పెట్టుమంటె పెట్టిన. పొమ్మంటె పోతున్న. ఒక్కటే అడుగుత. నన్ను ఆఖరు బండిల కూసోబెట్టుండ్రి."

మేమంతా చలించిపోయాం. పదవిలో ఉండి కూడా ఆఖరు బండి కోరుకున్న నాయకుణ్ణి నేనెక్కడా చూడలేదు. ప్రెస్ నోట్‌లో ఆ ముక్కే రాశాను.

పీరయ్య గారు ఒప్పుకోలేదు. ప్రొటోకాల్ ప్రకారం చైర్మన్‌ను మొదటి కారులోనే ఎక్కించి, తాము రెండో కారు స్టీరింగ్ ముందు కూర్చున్నారు. బంపర్ల మధ్య నిమ్మకాయ పట్టేంత చోటు లేకుండా చూసుకున్నారు.

అక్కణ్ణుంచి ఎయిర్‌పోర్టు దాకా దారి పొడుగునా సిగ్నళ్ళే.