మసక కళ్ళకు ట్రాఫిక్ లైట్లు

వెబ్‌సైట్లు మనల్ని లోపలికి రానివ్వవని ఏడవకండి. రానివ్వకపోవడమే వాటి గొప్ప!

ఊరికే అనడం లేదు. ఢిల్లీలో ఒక సర్కారీ ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు పెద్దసారు గది ముందు స్టూలు వేసుకుని కూర్చున్నవాణ్ణి. జనాన్ని ఆపడమే నా డ్యూటీ. "సాబ్ మీటింగ్‌లో ఉన్నారు, పన్నెండో నంబరు గదికి వెళ్ళండి" అనేవాణ్ణి. పన్నెండు వాళ్ళు నలభైకి పంపేవారు. నలభై నుంచి మళ్ళీ నా దగ్గరికే. సాయంత్రానికి మనిషి చెమటలు కక్కుతూ మెట్లు దిగిపోయేవాడు.

వెబ్‌సైట్ ఇదంతా కూర్చున్నచోటే చేస్తుంది. మెట్లు లేవు, చెమట లేదు. అభివృద్ధి అంటే ఇది కాదా?

మా ఆవిడ హనుమాయమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. కుడికన్నుకు వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నాడు మా ఇంటి దగ్గర వైశాలిలో డాక్టరు. పెద్దాసుపత్రిలో అపాయింట్‌మెంట్ వెబ్‌సైట్‌లోనే ఇస్తారు. ఫోన్ తెరిచాను. అపాయింట్‌మెంట్ నొక్కితే "మా గురించి" వచ్చింది. మళ్ళీ నొక్కితే లాగిన్. లాగిన్ అయితే మళ్ళీ మొదటి పేజీ. అదే నా పన్నెండు, అదే నా నలభై! పాత స్నేహితుణ్ణి చూసినట్టయింది.

తర్వాత, మీరు మనిషేనా అని అడిగింది. తొమ్మిది బొమ్మల్లో ట్రాఫిక్ లైట్లు ఉన్నవి నొక్కాలి. పైన "పేషెంటు స్వయంగా నింపవలెను" అని ఉంది. రూలు రూలే. ఫోన్ ఆవిడ చేతికిచ్చాను.

"లైట్లెక్కడండీ? అంతా మబ్బుగా ఉంది."

"నేను చెప్పకూడదు."

"ఢిల్లీ అంతటినీ ఆపారు, చాల్లేదా? ఇప్పుడు నన్ను కూడానా?"

మూడుసార్లు తప్పు నొక్కింది. "ఈ పేజీ చూసే అనుమతి మీకు లేదు" అని వచ్చేసింది. చూపు లేనివాళ్ళను కంటి డాక్టరు దాకా పోనివ్వకపోతే రద్దీ ఎంత తగ్గుతుంది! ఆ ఇంజనీరుకు శాలువా కప్పొద్దూ?

సోమవారం ఆసుపత్రికే వెళ్ళాం. గేటు దగ్గర స్టూలు మీద గార్డు. "అంకుల్, ఆన్‌లైన్ సే ఆయియే" అన్నాడు, ఆన్‌లైన్‌లోనే రావాలట. సరైన మాట! సెల్యూట్ కొట్టాలనిపించింది. ఇంతలో హనుమాయమ్మ ఆ స్టూలే తట్టుకుని పడబోయింది. గార్డు పట్టుకున్నాడు. ఆవిడ కళ్ళలోకి చూశాడు. అటూ ఇటూ చూసి, "మాతాజీ, పీఛేవాలే గేట్ సే జాయియే" అన్నాడు మెల్లగా.

వెనక గేటులో పేరు రాసుకున్నారు. గురువారం ఆపరేషన్.

ఇది ఘోరం కాదా? ముఖం చూసి మనిషిని లోపలికి పంపడమా? ఆ తప్పు నేనూ చేశాను, ముప్ఫై ఒక్క ఏళ్ళలో నాలుగుసార్లు. వెబ్‌సైట్ ఒక్కసారి కూడా చెయ్యదు. కాబట్టి ఆసుపత్రివారికి మనవి. ఆ గార్డును వెంటనే తీసేసి, ఆ స్టూలు మీద వెబ్‌సైట్‌నే కూర్చోబెట్టండి.

వెంటనే అంటే, వచ్చే నెల ఎడమకన్ను కూడా అయిపోయాక.