ఉత్తరం గోడ పడగొట్టండి

గొడుగుల కంపెనీ మెయింటెనెన్స్ సూపర్‌వైజరు ఆ రోజు పొద్దున్న వేసుకున్న పథకం చాలా చిన్నది. దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళి, కొన్నాళ్ళుగా ప్రాణం తోడేస్తున్న దవడపన్ను పీకించుకోవాలి. ఆ లోపు పనివాళ్ళకి ఒక మెసేజీ, అత్తగారికి ఒక మెసేజీ పెట్టాలి. నొప్పి తగ్గాక తీరిగ్గా ఆఫీసుకి వెళ్ళాలి. అంతే.

పనివాళ్ళకి మెసేజీ ఎందుకో చెప్పక్కర్లేదు. అత్తగారికి ఎందుకో మాత్రం చెప్పాలి.

ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. వార్డు మొత్తాన్ని కంటిచూపుతో నడిపిన మనిషికి, ఇంటికొచ్చాక అజమాయిషీ చేయడానికి రెండు పూలకుండీలు తప్ప ఏమీ మిగల్లేదు. ఒకసారి కూతురింటికి వచ్చినప్పుడు, అల్లుడు కంప్యూటరులో పాతకాలపు రాజ్యాల ఆట ఆడుతుంటే వెనక నిలబడి కాసేపు చూశారు.

"ఆ వంతెన దగ్గర కాపలా పెట్టలేదేంటి అల్లుడుగారూ?" అన్నారు.

"అటు ఎవరూ రారండీ," అన్నాడు అతను.

అతని మాట పూర్తయ్యేలోపు వంతెన మీదుగా గుర్రాల దండు వచ్చి ఊరంతా ఊడ్చుకుపోయింది. అత్తగారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. ఆ వారంలోనే ఆవిడ ఇంట్లోనూ ఆ ఆట పెట్టించుకున్నారు. అప్పట్నించీ ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, ఇద్దరూ మిత్రరాజులై ఒకే పక్షాన యుద్ధాలు చేస్తున్నారు. పెళ్ళయిన కొత్తలో అత్తా అల్లుడూ మాట్లాడుకోరేమోనని బెంగపడ్డ అతని భార్య, ఇప్పుడు వాళ్ళు మాట్లాడుకోవడం ఎప్పటికైనా ఆపుతారా అని బెంగపడుతోంది.

సూపర్‌వైజరుకి ఆ ఆట మీద అంత మమకారం ఉండడానికి కారణం లేకపోలేదు. కంపెనీలో ఒక కుళాయి మార్చాలంటే ముగ్గురి సంతకాలు కావాలి. ఆటలో ఒక్క మాట చాలు, ఓడరేవు లేస్తుంది. ఇవాళ నాటించిన అడవిని మనవడి కాలంలో కొట్టించి ఓడలు చేయించుకోవచ్చు. వందేళ్ళ ముందుచూపుని ఎవరూ ఫైల్లో పెట్టి పక్కన పడేయరు. ఎంతమంది సామంతుల దగ్గరో పన్నులు రాబట్టిన ఆ రాజుకి, సొంత నోట్లో ఉన్న ఒక్క పన్ను మాత్రం లొంగలేదు.

కొన్నాళ్ళుగా అత్తా అల్లుళ్ళు ఒక కొండ కోటని ముట్టడించి కూర్చున్నారు. లోపల ముసలి రాజు. శత్రువైనా వయసులో పెద్దవాడని అత్తగారు అతన్ని 'పెద్దాయన' అనేవారు. అల్లుడూ అలాగే అనడం మొదలుపెట్టాడు. అంతకుముందు రోజు లంచ్ టైములో ఆఫీసు కంప్యూటరులో కోట ఉత్తరం వైపు సైన్యాన్ని మోహరించి, ఆట ఆపకుండానే ఇంటికి వచ్చేశాడు. చివరి దెబ్బ ఎలా కొట్టాలో తెల్లారి చెబుతానని అత్తగారికి మాటిచ్చాడు.

దంతవైద్యుడి వరండాలో కూర్చుని, వాచిన బుగ్గ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆ మాట నిలబెట్టుకున్నాడు. "ఉత్తరం గోడ పడగొట్టండి. గోదాములో ఉన్నదంతా ముందు బయటికి లాగండి. పెద్దాయన అడ్డొస్తే గదిలో పెట్టి తాళం వెయ్యండి. నా కోసం ఆగొద్దు."

ఆ తర్వాత పనివాళ్ళకి రాశాడు. కంపెనీలో పై అంతస్తు అకౌంట్స్ వాళ్ళు కొత్త పైపుల కాగితం మీద సంతకం పెట్టకుండా నెలల తరబడి నానబెడుతున్నారు. వాళ్ళకి ఎలా బుద్ధి చెప్పాలో అతనికి తెలుసు. "పైకి వెళ్ళే నీళ్ళు పూర్తిగా ఆపేయండి. ఇక ఏమీ చేయొద్దు. ఊరికే కూర్చోండి. కాసేపటికి వాళ్ళే దిగి వస్తారు."

సరిగ్గా అప్పుడే లోపలి నుంచి నర్సు పిలిచింది. గాభరాలో లేచి నిలబడి, రెండూ పంపించి, ఫోను జేబులో పడేసుకున్నాడు. అత్తగారిది పనివాళ్ళ గ్రూపుకి వెళ్ళింది. పనివాళ్ళది అత్తగారికి వెళ్ళింది. రెండింట్లో ఏ ఒక్కదాంట్లో 'నువ్వు' అని ఉన్నా ఎవరో ఒకరికి అనుమానం వచ్చేది. అత్తగారి మీద గౌరవంతో రాసిన 'అండి' పనివాళ్ళ బహువచనానికి కుట్టించినట్టు సరిపోయింది.

కంపెనీలో మేస్త్రీ ఆ మెసేజీ రెండుసార్లు చదివాడు. గోదాము ఉత్తరం గోడ వీధి వైపు ఉంటుంది. చెమ్మ పట్టి, పెచ్చులూడి, చాలాకాలంగా 'పడగొడదాం, పడగొడదాం' అని అందరూ అంటున్నదే. ఇన్నాళ్ళకి అనుమతి వచ్చినట్టుందని సంతోషించాడు. ప్లంబరునీ ఎలక్ట్రీషియన్నీ వెంటేసుకుని, పెట్టెలు బయటికి మోయించి, గునపం తెప్పించాడు.

పెద్దాయన అడ్డు రానే వచ్చారు. ఈ పెద్దాయన కంపెనీ పెట్టినాయన. కూతురికి పగ్గాలు అప్పగించి రెండేళ్ళయినా రోజూ పొద్దున్నే వచ్చి, బల్బులు ఎందుకు వెలుగుతున్నాయనీ, గొడుగు పిడి ఆ రంగులో ఎందుకుందనీ అందర్నీ నిలదీస్తుంటారు. మేస్త్రీ చేతిలో గునపం చూసి గోడకి అడ్డంగా నిలబడ్డారు.

"ఎవడ్రా నీకు చెప్పింది?"

"సూపర్‌వైజరు గారు చెప్పారండీ. మీరు అడ్డొస్తే ఏం చేయాలో కూడా చెప్పారండీ," అన్నాడు మేస్త్రీ, ఎంతో వినయంగా.

అయినా మనసు పీకి, ఎందుకైనా మంచిదని ఫోను చేశాడు. అప్పటికి సూపర్‌వైజరు పన్ను పోయి, నోటి నిండా దూదితో, మత్తింకా దిగని నాలుకతో బెంచీ మీద జారగిలబడి ఉన్నాడు.

"సార్, పని మొదలెట్టాం. పెద్దాయన ఒప్పుకోవట్లేదు. మీరు పెట్టిన మెసేజీలో ఉన్నట్టే చేసేయమంటారా?"

నీళ్ళు ఆపినందుకు కాబోలు గొడవ చేస్తున్నారనుకున్నాడు సూపర్‌వైజరు. ఆయన దేనికి చేయరు గనక. "ఊఁ," అన్నాడు.

"తర్వాత మా మీదికి ఏమీ రాదు కదా సార్?"

"ఊఁహూఁ," అన్నాడు.

అంత స్పష్టంగా చెప్పాక మేస్త్రీకి ఇంకేం కావాలి. కంపెనీ మొత్తంలో తాళం సరిగ్గా పడేది సూపర్‌వైజరు గది ఒక్కటే. పెద్దాయన్ని మర్యాదగా, "కాస్త ఇలా కూర్చోండి, దుమ్ము రేగుతుంది," అని అందులోకి తీసుకెళ్ళి, ఫ్యాను వేసి, మంచినీళ్ళ సీసా పెట్టి, బయట తాళం పెట్టాడు.

కాసేపటికి బెంచీ మీద సూపర్‌వైజరు ఫోను మళ్ళీ మోగింది. అత్తగారి మెసేజీ. "మీరు చెప్పినట్టే కొండ పైకి వెళ్ళే నీళ్ళు ఆపేశాను అల్లుడుగారూ. ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నాను. చాలా మంచి ఆలోచన."

నీళ్ళు ఆపమని అత్తగారికి చెప్పలేదే అనుకున్నాడు. ఎవరికి చెప్పానా అని గ్రూపు తెరిచాడు. అక్కడ తను పెట్టిన మెసేజీ, కింద మేస్త్రీ "సరే సార్", ఆ కింద ఒక ఫోటో. ఉత్తరం గోడ ఉండాల్సిన చోట వీధి కనిపిస్తోంది. వీధిలో ఒక కుక్క గోదాములోకి తొంగి చూస్తోంది.

పన్ను పోయిన చోట నొప్పి ఉందో లేదో అతనికి తెలియలేదు. స్కూటరెక్కాడు. సగం దారిలో వాన పట్టుకుంది. తడిసి ముద్దయి గేటు దగ్గరికి చేరాడు. గోడకి పడిన కంత ముందు జనం గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య పెట్టెల గుట్టలు.

"ఓడ... ఓడ ఏఇ?" అన్నాడు దూది నములుతూ.

"ఓడా? ఇక్కడ ఓడెక్కడిది సార్," అన్నాడు మేస్త్రీ. బుగ్గ చూసి కంగారుపడి, "మీరు ముందు కూర్చోండి సార్. పెట్టెలు తడవకుండా ఓ పాతిక గొడుగులు తెరిచి కప్పాం. వీధిన పోయేవాళ్ళు చూసి, కొత్త షాపనుకుని ఎగబడ్డారు. వద్దన్నా వినలేదు. ప్లంబరు అమ్ముతున్నాడు, ఎలక్ట్రీషియన్ చిల్లరిస్తున్నాడు."

సూపర్‌వైజరు దూది ఊసేశాడు. "పెద్దాయనేరి?"

"మీ గదిలోనే సార్. తాళం వేశాం. మొదట్లో తలుపు బాదారు. తర్వాత చప్పుడు లేదు."

'చప్పుడు లేదు' అన్న ఆ రెండు మాటలు వినగానే సూపర్‌వైజరు గది వైపు పరుగెత్తబోయాడు. అదే సమయానికి మేడమ్ కారు గేట్లోకి వచ్చింది. కంపెనీ యజమానురాలు, పెద్దాయన కూతురు. దిగి, గోడ లేని గోదాము చూసింది. వీధిలో తన సరుకు చూసింది. ఎవరినీ ఏమీ అడక్కుండా, "నాన్నేరి?" అంది.

మేస్త్రీ తాళంచెవి ఉన్న చేతిని మెల్లిగా వెనక్కి పెట్టుకున్నాడు. సూపర్‌వైజరు ముందుకొచ్చి, వంకర పోతున్న నోటితో జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. కోట, అత్తగారు, పన్ను, మెసేజీలు, ఏదీ దాచలేదు. చెబుతున్నకొద్దీ అతనికే అది పచ్చి అబద్ధంలా వినిపించింది. రేపట్నించి ఇంట్లోనే కూర్చుని హాయిగా ఆడుకోవచ్చు, భార్య ఆ కంప్యూటరుని కిటికీలోంచి విసిరేయకపోతే, అనుకున్నాడు.

మేడమ్ గది వైపు నడిచింది. అందరూ వెనకే వెళ్ళారు. మేస్త్రీ తాళం తీశాడు.

పెద్దాయన కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నారు. కళ్ళజోడు నుదుటి మీద ఉంది. జుట్టు రేగిపోయి ఉంది. తల తిప్పకుండానే, "తలుపెయ్యండి. ఇప్పుడు కాదు," అన్నారు.

"నాన్నా, బాగానే ఉన్నావా?"

"ఎలా బాగుంటాను? నా గుర్రాలకి మేత లేదు. ఆ ముందున్నవాడెవడో సైన్యాన్నంతా ఒకే వైపు పోగేసి పోయాడు. తెలివితక్కువ వెధవ. అంతా సర్దుకొచ్చేసరికి నా తాతలు దిగొచ్చారు." ఇంకా తెర మీదే చూపు. "అవతల ఎవరో మన పక్షాన ఆడుతున్న రాణి ఉంది చూడు, మంచి బుర్ర. కొండకి నీళ్ళు ఆపేసింది. వాళ్ళు దాహంతో కోట తలుపు తీయగానే నేను దక్షిణం నుంచి దూరాను. కోట మనదే."

సూపర్‌వైజరు జేబులో ఫోను మోగింది. అత్తగారు. తీయక తప్పలేదు.

"కోట పడిపోయింది అల్లుడుగారూ," ఆవిడ గొంతులో అంత హుషారు అతనెప్పుడూ వినలేదు. "చెప్తే ఏమీ అనుకోరుగా. ఈ రోజు మీరు ఎంత బాగా ఆడారో. ఇన్నాళ్ళూ ఇలా ఆడి ఉంటే ఈపాటికి సముద్రం దాకా వెళ్ళేవాళ్ళం. పన్నుతో పాటు ఏదో పెద్ద అడ్డే పోయినట్టుంది."

"ఆడింది నేను కాదండీ," అన్నాడు నీరసంగా.

"అయితే ఎవరో గానీ, రేపు కూడా రమ్మనండి," అన్నారు అత్తగారు.

మేడమ్ గుమ్మంలో అలాగే నిలబడి ఉంది. రెండేళ్ళలో తండ్రి ఆఫీసులో ఉండగా, ఆమెని ఎవరూ ఏ ఫిర్యాదుకీ పిలవని పూట అదొక్కటే. బయట వాన జోరందుకుంది. వీధి వైపు నుంచి ప్లంబరు గొంతు వినిపిస్తోంది. పూల డిజైనువి అయిపోయాయి, చారలవి ఉన్నాయి అంటున్నాడు. ఏళ్ళ తరబడి గోదాములో పడున్న చారల గొడుగులవి.

"నాన్నని గదిలో పెట్టి తాళం వేయమన్నది మీరేనా?" అంది సూపర్‌వైజరుతో.

"నేనే మేడమ్. అంటే, ఆ పెద్దాయన్ని కాదు, ఈ పెద్దాయన..."

"అర్థమైంది." గొంతు తగ్గించింది. "రేపు కూడా వేయగలరా?"

మేస్త్రీ దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. సూపర్‌వైజరుకి నవ్వాలో వద్దో తెలియలేదు. నవ్వుదామన్నా మత్తు మూలంగా నోరు సగమే కదిలింది. లోపలి నుంచి పెద్దాయన విసుక్కున్నారు.

"అక్కడ గుసగుసలేంటి? ఒరే అబ్బాయ్, ఇలా రా. పక్క రాజ్యం వాడు స్నేహం చేద్దామని కబురు పెట్టాడు. నమ్మొచ్చా?"

"నమ్మకండి. కోతలయ్యేదాకా స్నేహంగానే ఉంటాడు. ఆ తర్వాత మీదకొస్తాడు," అన్నాడు సూపర్‌వైజరు.

"నాకూ అలాగే అనిపించింది. కుర్చీ తెచ్చుకో," అన్నారు పెద్దాయన.

గోడ మళ్ళీ కట్టలేదు. దానికి షట్టరు పెట్టించి, చిన్న షాపు తెరిచారు. అత్తగారూ పెద్దాయనా చూస్తుండగానే సముద్రం దాకా వెళ్ళారు. సూపర్‌వైజరుకి గుర్రాల మేత చూసే బాధ్యత అప్పగించారు. అకౌంట్స్ వాళ్ళు మాత్రం ఇంకా సంతకం పెట్టలేదు. వాళ్ళకి నీళ్ళు బాగానే వస్తున్నాయి.

గదికి తాళం వేయాల్సిన అవసరం ఆ తర్వాత ఎవరికీ రాలేదు. పెద్దాయనే లోపల గడియ పెట్టుకుంటున్నారు.