గంగాధరానికి చక్కెర పెట్టిందెవరు?

"ఈ చిత్తూరులో నా కంట పడకుండా చీమ గూడా బెల్లం ఎత్తుకోని పోలేదప్పా!" అని ప్రకటించాడు మునిప్రసాద్.

కోర్టు ముందు దస్తావేజులు రాసుకునే మనిషి. రాత పని అయిపోగానే అపరాధ పరిశోధకుడైపోతాడు. ఆ పక్కనే జిరాక్సు మిషను పెట్టుకున్న పాపానికి నేను అతని సహాయకుణ్ణి. ఇంతవరకు అతను పట్టుకున్న దొంగ ఒక్కడే. వాడూ దొంగ కాదు, కరెంటు రీడింగు తీయడానికొచ్చిన మనిషి.

ఈసారి కేసు మా పక్కింటి గంగాధరానిది. మామిడి మండీలో కాయలు కోసి, రంగూ రుచీ చూసి నాణ్యం చెప్పే పని అతనిది. షుగరుంది. నెల రోజులుగా రాగి సంగటి, ఆకుకూర తప్ప ముట్టలేదంటాడు. ఆరోగ్య కేంద్రంలో వేలు గుచ్చి చూస్తే మాత్రం నాలుగు వందలకు తగ్గదు. డాక్టరు మాత్రలు రెండింతలు చేశాడు. అయినా అంతే. మంగళవారం కూడా తగ్గకపోతే ఇన్సులిన్ సూదే అన్నాడు.

సూది మాట అటుంచి, భార్య ప్రసన్నకుమారి ఇరవై రోజులుగా గంగాధరంతో మాట్లాడటం లేదు. దొంగచాటుగా తీపి తింటున్నాడని ఆమె అనుమానం. రోజూ చొక్కా జేబులు వెతుకుతోంది.

"నా బిడ్డల మీద ఒట్టప్పా, చిటికెడు బెల్లం గూడా తినలా. ఆమె నమ్మేదే లేదు," అని గంగాధరం నా దగ్గర ఏడ్చినంత పని చేశాడు. నా బుద్ధి గడ్డి తిని, ఆ సంగతి మునిప్రసాద్ చెవిన వేశాను.

"ఇది ఘోరమైన కుట్ర! ఎవురో ఆయనకు తెలీకుండా చక్కెర పెడతా ఉండారు," అన్నాడు.

మూడు రోజులు మండీ గేటు దగ్గర నిఘా.

"సూసినావా? భోజనాల వేళకు ఆయనకు చెమటలు, చేతులు వణుకు. ఎందుకు?"

"నీరసమేమో."

"భయం! హంతకుడెవురో ఆయనకు తెలుసు!"

"ఎవురూ సావలేదు గదప్పా."

"అదే ఈ కేసులో భయంకరమైన సంగతి!"

మంగళవారం మధ్యాహ్నం గంగాధరం ఎప్పటిలాగే మండీ నుంచి నేరుగా ఆరోగ్య కేంద్రానికి వచ్చాడు. ప్రసన్నకుమారి బెంచీ ఆ చివర ముఖం తిప్పుకుని కూర్చుంది. మునిప్రసాద్ సంచిలోంచి స్టాంపు ప్యాడు తీశాడు.

"వాళ్ళింటి చక్కెర డబ్బా మీద వేలిముద్రలుండాయి. సరిపోల్చాల."

గంగాధరం పది వేళ్ళూ తనే పట్టుకుని నీలం సిరాలో ముంచి కాగితం మీద ఒత్తించాడు. అలవాటు కొద్దీ కింద "ఇది నా సమ్మతిన వేసిన ముద్ర" అని కూడా రాశాడు.

సిస్టర్ సుజన బయటికొచ్చి ఆ చేతులు చూసింది. "ఏందిది? ఈ సిరాలో నేను సూది గుచ్చాల్నా? పో, సబ్బేసి కడుక్కోని రా!"

మామూలుగా అయితే స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచి గుచ్చేది. ఇవాళ గంగాధరం సబ్బు సగం అరిగేదాకా తోముకుని వచ్చాడు.

సిస్టర్ గుచ్చింది. మిషను చూసి, దాన్ని రెండు తట్లు తట్టింది. ఇంకో వేలు గుచ్చింది.

"సార్! యాభై ఎనిమిదే ఉండాది!"

డాక్టర్ ఇమ్మానుయేల్ పరుగున వచ్చాడు. గంగాధరం అప్పటికే చెమటతో తడిసిపోయాడు.

"యాడ నుంచి వచ్చినావు?"

"మండీ నుంచి సార్. పొద్దున్నుంచీ కాయలు కోస్తానే ఉన్నా."

డాక్టరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఇన్నాళ్ళూ మేం కొలిచింది నీ వేలికంటిన మామిడి రసాన్నయ్యా! దూదితో తుడిస్తే అది సరిగ్గా పోదు. కడుక్కోమని చెప్పకపోవడం మా తప్పు. మాత్రలెక్కువై నీకు షుగరు పడిపోయింది, చెమటా వణుకూ అందుకే. ఇయ్యాళ సూది గూడా వేసుంటే..." ఆ మాట పూర్తి చేయలేకపోయాడు. "ముందు చక్కెర పెట్టండి!"

సిస్టర్ తెచ్చిన పొట్లం ప్రసన్నకుమారి లాక్కుంది.

"నోరు తెరువయ్యా!"

ఇరవై రోజుల తర్వాత మొదటి మాట. గుప్పెడు చక్కెర మొగుడి నోట్లో పోసి, "నిన్ను నమ్మలేదు గదయ్యా నేను," అని భోరుమంది. నాకూ కళ్ళు చెమర్చాయి.

"కేసు తేలిపోయింది!" మునిప్రసాద్ చిటికె వేశాడు. "ఆయనకు చక్కెర పెట్టేది పెండ్లామే! నా కండ్లతో సూసినా!"

నేను అతని నోరు మూసి బయటికి ఈడ్చుకొచ్చాను. లోపల డాక్టరు "చాలమ్మా, ఇంక చాలు" అంటున్నా వినకుండా, ఆమె ఇంకో గుప్పెడు తినిపిస్తోంది.