ముత్యాలమ్మ మధ్యాహ్న విజయం

సింహాద్రి అప్పన్నకు ఒక దండం, ఈ కొండలనేలే తల్లులందరికీ మరో దండం, తనకు తోచినప్పుడు కరుణించి మనం తలచినప్పుడు మాయమయ్యే మన సెల్ టవరుకు ఊరి తరఫున ఇంకొక దండం పెట్టి, జరిగినది జరిగినట్లు చెబుతున్నాను, ఆలకించండి.

కాఫీ తోటల్లో ఆఖరి కోత ముగిసి, ఘాటురోడ్డు మలుపుమలుపునా వాంతులు చేసుకుంటూ యాత్రికసేనలు ఇంకా పైకెక్కుతూనే ఉన్న ఫాల్గుణ మాసాన, కిరండూలు రైలు ధూమ్రవర్ణధూళిధూసరితమై స్టేషనులో నిలిచి నిట్టూర్చిన ఒక శుక్రవారంనాడు, అల్లపు రాశులూ చీపురుకట్టల బారులూ ఎండుచేపల గంధమూ దిక్కులు కమ్ముకొన్న అరకు సంతకు ఉత్తరపు కొసన, రేకు కప్పే గగనవితానముగా, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలే సింహాసనములుగా వెలుగొందు ఒక టూరు ఆఫీసులో ఈ మహాసంగ్రామం సంభవించింది.

యుద్ధకారణం విశ్రాంతి. నవ్వకండి. విశ్రాంతి కోసం ఎంత అలసిపోవాలో అనుభవించినవారికే తెలుస్తుంది.

కొండవాలున రెండెకరాల కాఫీ పండించే గాసి, అతని ఇల్లాలు ముత్యాలమ్మ ఈ కథకు నాయకులు. వారి కాఫీని ఒకానొక రుచిపోటీలో మహారసజ్ఞులు కొందరు సుర్రున పీల్చి, పుక్కిలించి, బకెట్టులో ఉమ్మి, ఇంతటి కాఫీ భూమండలంలో లేదని తీర్పు చెప్పారు. అంత బాగుంటే మింగవచ్చు కదా అని నాకొక సందేహం. పెద్దలు చేసే పని, మనకేం తెలుసు. బహుమతిగా ఆ దంపతులకు కరీబియన్ సముద్రమధ్యమందలి జమైకా ద్వీపంలో వారం రోజుల విశ్రాంతియాత్ర ప్రకటించారు.

ఇక ముత్యాలమ్మ మనసులోని మాట. కోడి కూయకముందే లేచి, ఊట నీళ్ళు మోసి, అంబలి కాచి, తోటకు పోయి, కట్టెల మోపుతో తిరిగివచ్చే ఆ శ్రమైకసామ్రాజ్ఞి, పగటి వెలుతురులో ఊరికే కూర్చుని ఎరగదు. సముద్రాన్ని జన్మలో ఒక్కసారి చూసింది, అదీ విశాఖలో ఆస్పత్రికి పోతూ ఆటోలోంచి, సగం. ఆ మిగిలిన సగాన్ని, ఎవరూ పేరు పెట్టి పిలవని చోట కూలబడి, ఒక పూటంతా చూడాలని ఆమె కోరిక. అంతకు మించి ఒక్క వరమూ అడగలేదు.

ఆ వరానికి అడ్డుగా నిలిచినవాడు సాయినాథ్. ప్యాకేజీచక్రవర్తి, బొర్రాగుహాదర్శనదక్షుడు, శతశకటాధిపతి. (శకటాలు రెండే. వీరగాథల్లో అలాగే అంటారు.) పోటీ పెట్టినవారు ఏర్పాట్లన్నీ ఇతనికి అప్పగించారు. నిరుడు సంతలో "ఒరే గాసీ" అని పిలిచినవాడు, బహుమతి వచ్చాక "గాసిగారూ" అని కుర్చీ తుడిచి వేశాడు.

అంతట ఆ వాగ్మి కంప్యూటరు తెర వైపు చూపు సారించి, గొంతు సవరించుకొని, మేఘగంభీరస్వరంతో ఇట్లు పలికాడు:

"రోజూ తెల్లారి ఐదున్నరకే లేపుతాం. మొదటి రోజు సన్‌రైజ్ పాయింటు. అక్కణ్ణించి జలపాతం. తరవాత గుహలు. రెండో రోజు వెదురు తెప్ప మీద నదిలో షికారు, మధ్యాన్నం నిప్పుల మీద కాల్చిన కోడి. మూడో రోజు సాయంత్రం స్థానికులతో కలిసి డాన్సు. నాలుగో రోజు నీలి కొండలెక్కి..."

"బాబూ," అని గాసి చెయ్యెత్తాడు. "జలపాతం, గుహలు, వెదురు, కాల్చిన కోడి. ఇది మన అరకే కదా?"

"ఉత్త అరకు కాదు గాసిగారూ. ఇంటర్నేషనల్ అరకు."

ముత్యాలమ్మ మోకాలు రుద్దుకుంటూ అడిగింది. "డాన్సెందుకు బాబూ? ఇక్కడ మేమాడతంటే మీ టూరిస్టులొచ్చి నా నడుం మీద సెయ్యేసి గెంతుతారు. అక్కడికెల్లి నేనెవుల్ని గెంతించాల? అక్కడోలకి మాత్రం మోకాళ్ళుండవా?"

సాయినాథ్ ఈ బాణాన్ని గమనించనట్లే తప్పించుకొని, తన అమ్ములపొదిలోని దివ్యాస్త్రాన్ని తీశాడు.

"నాలుగో రోజుదమ్మా, అసలు హైలైటు! కొండెక్కి కాఫీ తోట. రైతుల్లాగ నడుముకి బుట్ట కట్టుకుని, మీ చేతుల్తో మీరే కాఫీ పళ్ళు కొయ్యొచ్చు!"

సంత కోలాహలం ఒక్కసారిగా ఆగిపోయినట్లయింది. ఆగలేదు, వీరులకు అలా తోచింది.

"ఏటీ?" అన్నది ముత్యాలమ్మ.

గాసి ఆశ వదలనివాడు. "కోత్తే కూలిత్తారా బాబూ?"

"కూలేంటండీ! ఎంట్రీ టిక్కెట్టుంటుంది. మన ప్యాకేజీలో కలిపేశాను, ఫ్రీ అన్నమాట."

కూలి తీసుకోకుండా, పైగా టిక్కెట్టు పెట్టి, సప్తసముద్రముల కావల పరాయివాడి కాఫీ కోయు భాగ్యం విని, గాసి ధనుర్భంగమైన విలుకానివలె కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

"ఓలే, కోసీద్దాం," అన్నాడు నీరసంగా. "ఒక్క పూటే కదా. బేగి కోసేసి వొచ్చీద్దాం."

"నువ్వెప్పుడు బేగి కోసినావయ్యా? నీ బుట్ట సగం నాదే కదా!" అని పతిని ఒక్క వాక్యంతో నేలకూల్చి, ఆ వీరాంగన శత్రువు వైపు తిరిగింది. "సాయిబాబూ, ఆ నాలుగో రోజు మధ్యాన్నం నాకొదిలీ. తోట తీసీ. సముద్రం కాడ కూకుంటాను."

"ప్యాకేజీలోంచి తీయకూడదమ్మా. దానికోసమే జనం ఎగబడతారు."

"ఎవులు?"

"కాఫీ తోట ఎప్పుడూ చూడనోళ్ళు."

తన మాట తన చెవినే పడినా చలించని ధీరోదాత్తుడు సాయినాథ్. ఇక వాదన చాలించి, బుకింగు ఖాయం చేయు మీటపై తర్జనిని ఎత్తాడు. ఆ వేలు కిందికి దిగితే ముత్యాలమ్మ సముద్రం ముగిసినట్లే. దిగబోయింది. గోడ గడియారం చూశాడు. వేలు గాలిలోనే ఆగిపోయింది.

"అయ్యో! పదిన్నర దాటింది. రాహుకాలం. పన్నెండు దాకా ఏదీ ఖాయం చెయ్యను. కూర్చోండమ్మా, టీ చెప్తాను."

ముత్యాలమ్మ ఆ వేలిని చాలాసేపు చూసింది.

"బాబూ, ఆ దీవిలోన కూడా ఉంటాదా, రాహుకాలం?"

"ఎందుకుండదమ్మా? రాహువుకి ఊరూ దేశమూ ఏంటి? ఎక్కడున్నా వదలడు."

"మన రాహువేనా?"

"మన రాహువే!" అని సాయినాథ్ చెంపలు వేసుకున్నాడు.

"మరి మేం ఆ దీవిలోన ఉండేది ఏ వారం?"

అతడు తేదీలు చెప్పాడు. ఆమె వేళ్ళ కణుపుల మీద వెన్నెల రాత్రులు లెక్కవేసింది. ముఖం వెలిగింది.

"అది చైత్రం. మా కొండోల ఇటుకల పండగ. ఆ వారం మా ఊళ్ళో ఎవులూ తోటలోన సెయ్యెట్టరు. కొమ్మ వొంచరు. వొంచితే తప్పు. మా కొండ తల్లి ఊరుకోదు."

"అది మీ ఊళ్ళో కదమ్మా. అది జమైకా!"

అంతట ముత్యాలమ్మ లేచి నిలబడి, మోకాలి నొప్పిని మరచి, కొంగు నడుమున దోపి, ఎండుచేపల అంగళ్ళదాకా వినబడేటట్లు గర్జించింది: "నీ రాహువు సముద్రం దాటి రాగలడు గానీ, మా తల్లి రాలేదా?"

ఈ ప్రశ్న దగ్గర నేను కొంచెం ఆగాలి. నేనూ రోజూ దీపం పెట్టి, రాహుకాలం చూసి గడప దాటేవాణ్ణే. మనకు పగలైనప్పుడు ఆ దీవిలో రాత్రి అంటారు. అక్కడ రాహుకాలానికి ఏ గడియారం చూడాలని మా పంతులుగారిని అడిగితే, ఆయన పంచాంగం మూసి, అంత దూరం నీకెందుకు అన్నారు. దేవుడు అంతటా ఉన్నాడని ఒప్పుకున్నాక, ఒకరి దేవతకు మాత్రం సరిహద్దు రాయి పాతడం న్యాయమా? నాకు న్యాయమనిపించలేదు. సాయినాథ్‌కూ అనిపించలేదు. భక్తుడు కదా, లోపల భయం పట్టింది. ఆ తల్లి కోపం తనవెంట పడుతుందేమోనని కాబోలు, కాఫీ తోటను తీసేశాడు.

కాని యుద్ధం ముగియలేదు. కంప్యూటరనే మహారాక్షసి, ఆ గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోనని ఎర్రకన్ను చేసింది.

"ఏదో ఒకటి రాయాలమ్మా. సముద్ర దర్శనం అని రాయనా?"

"దర్సనమంటే లైన్లోన నిలబడాల. వొద్దు."

"బీచ్ యాక్టివిటీ?"

"అంటే ఏటి?"

"ఏదో ఒకటి చెయ్యడం."

"వొద్దు."

"పోనీ రిలాక్స్ అని రాస్తాను."

"నువ్వు ఇందాకణ్ణించి సదివిందంతా రిలాక్సే కదా బాబూ! వొద్దు." ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "ఏటీ నేదు. అలా రాసీ."

సాయినాథ్ 'ఏమీ లేదు' అని కొట్టాడు. రాక్షసి శాంతించింది. గడి పచ్చబడింది. పన్నెండు దాటగానే, రాహువు వెనుదిరగగా, అతని వేలు మీట మీదికి దిగింది.

ఓడినా వృత్తిధర్మం విడువని ఆ ప్యాకేజీచక్రవర్తి చివరిసారిగా తల ఎత్తాడు. "అమ్మా, ఆ ఏమీ లేదుకి గైడు కావాలా?"

ముత్యాలమ్మ తటపటాయించింది. ఆ పని ఆమె ఎన్నడూ చేసి ఎరగదు.

"వొద్దు బాబూ. నాకు రాకపోతే మా ఆయన్నడుగుతాను. ఆయనకి బాగా వొచ్చు."

గాసి మొదటిసారిగా కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

కావున ఓ జనులారా, వినండి! ప్యాకేజీలను చీల్చి, కాఫీ తోటను కూల్చి, కంప్యూటరును లొంగదీసి, ఏడు పగళ్ళ విశ్రాంతిలో అర పగటి విశ్రాంతిని సాధించిన ముత్యాలమ్మకు జయము! మిగిలిన ఆరున్నర పగళ్ళూ తెల్లవారుజాము ఐదున్నరకే లేవవలసి ఉన్నది.