కవరు తీయని కారు

కొత్త కారు కొనడం తెలివితక్కువ పని అనీ, పాత కారు కొనడం పరువుతక్కువ పని అనీ మా పట్టణ ప్రజలు ఏకగ్రీవంగా తేల్చుకొని చాలాకాలమైంది. కాబట్టి తెలివీ పరువూ రెండూ దక్కేలా బైపాస్ రోడ్డు పక్కన 'దాదాపు కొత్త' కార్ల డిస్కౌంట్ సూపర్‌మార్కెట్ తెరిచినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు తెరవలేదని మాత్రం కొందరు నొచ్చుకున్నారు.

అంతకుముందు అదొక పరుపుల గోదాము. ఇప్పుడు అందులో కార్లు సబ్బుబిళ్ళల్లా వరుసలు తీరి ఉంటాయి. గుమ్మం దగ్గర ట్రాలీలు పెట్టారు. కారు ట్రాలీలో పట్టదని యాజమాన్యానికీ తెలుసు, వచ్చేవాళ్ళకీ తెలుసు. అయినా సూపర్‌మార్కెట్ అన్నాక చేతిలో ట్రాలీ లేకపోతే కొనబుద్ధి పుట్టదు కదా! అందరూ ఖాళీ ట్రాలీలు తోసుకుంటూ తిరుగుతారు. నాలుగో వరుస నీలం కార్ల మీద తగ్గింపు ఇంకొక్క గంట మాత్రమే అని మైకులో ఒక గొంతు తియ్యగా చెబుతూ ఉంటుంది. ఆ గంట సూపర్‌మార్కెట్ తెరిచిన నాడు మొదలైంది. ఈ కథ రాసే సమయానికి ఇంకా నడుస్తోంది.

ప్రతి కారు అద్దం మీదా రెండు ధరలుంటాయి. పైది కొట్టేసి ఉంటుంది. కొట్టేసిన ధర ఎంత పెద్దదైతే కొనేవాడి ఛాతీ అంత వెడల్పవుతుంది. అయితే అసలు సరుకు ధరలో లేదు, చరిత్రలో ఉంది. అక్కడ కారు చూపించేముందు దాని పాత యజమాని చరిత్ర వినిపిస్తారు. ఆ చరిత్రల్లో ఇంతవరకూ ఒక్క దుర్మార్గుడూ తగల్లేదు. అందరూ ప్రొఫెసర్లు, కంటి డాక్టర్లు, రిటైరైన జడ్జీలు. అందరూ ఆదివారం మాత్రమే, అదీ ఎండ తగ్గాక, నీడపట్టున నడిపినవాళ్ళు. ఇంతమంది గొప్పవాళ్ళు ఇన్ని కార్లు ఎందుకు అమ్ముకుంటున్నారని అడగడం మర్యాద కాదు. మా పట్టణం మర్యాదకు పెట్టింది పేరు.

ఆ సూపర్‌మార్కెట్‌కు మా వీధి నుంచి మొదట వెళ్ళిన ఘనత మీటరాయనదీ, ఆయన భార్య కర్టెన్లక్కదీ. ఆయన నీళ్ళ ఆఫీసులో ఇంటింటి మీటర్లు తనిఖీ చేసే అధికారి. ఎవరు మీటరుకు అయస్కాంతం అంటించారో, ఎవరు ముల్లు వెనక్కి తిప్పారో వీధి మొదట్లోంచే పసిగట్టేస్తాడు. ఆవిడకు ఊరి ఆ చివర కర్టెన్లు కుట్టే కొట్టుంది. రోజూ గుడ్డల మూట భుజాన వేసుకొని రెండు బస్సులు మారుతుంది. ఏళ్ళ తరబడి ఆ మూట మోసి మోసి ఆవిడ కుడిభుజం ఎడమదానికంటే కాస్త కిందికి జారింది. ఆ మూట కోసమే కారు. కారుకు దాచిన డబ్బూ ఆవిడ కుట్టిందే.

మెడకు టై బిగించుకున్న అమ్మకాల సలహాదారు ఒక తెల్లకారు ముందు ఆగి గొంతు సవరించుకున్నాడు.

"ఇది ఒక ప్రొఫెసర్‌గారిదండీ. వ్యాకరణం చెప్పేవారు. ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు సార్. ఎవరైనా అడ్డొస్తే దిగెళ్ళి బతిమాలుకునేవారు. ఇక మీటరంటారా, మీరు ఆ శాఖలోనే ఉన్నారు, మీకు నేను చెప్పేదేముంది!"

మీటరాయన వంగి చూశాడు. అంకె ఎంత చిన్నదంటే ఆయన కళ్ళు చెమర్చాయి. ఊరందరి మీటర్లనూ అనుమానించే ఆ కళ్ళు ఈ ఒక్క మీటరునూ అనుమానించలేదు. కొనాలని మనసుపడ్డ వస్తువును అనుమానించడం ఆఫీసు విధుల్లోకి రాదు.

కర్టెన్లక్క ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"వెనకసీటు మడిస్తే మూట పడుతుందా బాబూ?"

సలహాదారు మేనేజరు వంక చూశాడు. మేనేజరు పైకప్పు వంక చూశాడు. కారు ఎందుకు కావాలో చెప్పిన కొనుగోలుదారు ఆ సంస్థ చరిత్రలో ఆవిడే మొదటిది. చివరికి సలహాదారు తేరుకొని, "కప్పుకి నక్షత్రాల లైట్లున్నాయి మేడమ్. సీటుకి వీపు నొక్కే మిషనుంది. మూట సంగతి మాత్రం కంపెనీవాళ్ళు ఏమీ చెప్పలేదండీ" అన్నాడు.

అప్పగింత ఘనంగా జరిగింది. కారుకు రిబ్బను కట్టారు. మేనేజరు ఒక స్టూలెక్కి ప్రసంగించారు. "సోదర సోదరీమణులారా! కారు కొనడం ఎవరైనా చేస్తారు. కొన్న కారును కొననట్టే ఉంచడం మహానుభావులకే చెల్లుతుంది! వాడకం అనే దురలవాటు వల్ల దేశంలో ఎన్ని వస్తువులు పాతబడిపోతున్నాయో తలుచుకుంటే నాకు అన్నం సహించదు. మీ కారు దాదాపు కొత్తగా ఉన్నంతకాలం ఎప్పుడు తెచ్చినా మేం వెనక్కి తీసుకుంటాం. సీటు కవరు చిరిగిందా, మీరెవరో మేమెవరం!"

ట్రాలీలు పక్కన పెట్టి అందరూ చప్పట్లు కొట్టారు. మీటరాయన ఆ మాటలు గుండెల్లో రాసుకున్నాడు.

కారు ఇంటికొచ్చింది. మరునాటి నుంచి ఆ ఇంట్లో కొత్త పాలన మొదలైంది. సీట్ల మీది ప్లాస్టిక్ కవరు తీయరాదు. దాని మీద కూర్చుంటే పాడవుతుందని ఇంకో కవరు తొడిగారు. కారు మొత్తానికి ఒక ముసుగు, ముసుగుకు మాపు పట్టకుండా దానిపైన మరో ముసుగు. ఆదివారం పూట మీటరాయన చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కొని, ఇంజను ఆపిన కారులో కాసేపు కూర్చొని దిగేవాడు. చూడవచ్చిన చుట్టాలకు అద్దం నాలుగు వేళ్ళ మేర దించి లోపలి వాసన చూపించేవారు. కొత్త కారు వాసన సూపర్‌మార్కెట్‌లో సీసాల్లో అమ్ముతారు. మీటరాయన ఆ సీసాలు తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఇక ఆఫీసుకు ఆయన ఎప్పటిలాగే బస్సులో నిలబడి వెళ్ళేవాడు. తేడా ఏమిటంటే, ఇప్పుడు చూపుడువేలికి కారు తాళం వేలాడేది. బస్సు కుదుపులకు అది అందరి ముక్కుల ముందూ ఊగేది. సీటిచ్చి లేచినవాళ్ళూ ఉన్నారు. కారున్న మనిషి నిలబడితే చూడలేకపోయారు పాపం.

మరి మూట? మూటలో కొక్కేలుంటాయనీ, కొక్కేలు గీతలు పెడతాయనీ మీటరాయన తీర్పు చెప్పాడు. కారు వచ్చాక కూడా మూట భుజం మీదే, భుజం బస్సులోనే.

ఇలా ఉండగా కర్టెన్లక్కకు ఒక కళాశాల రంగస్థలం తెర కుట్టే పని దొరికింది. ఎర్ర వెల్వెట్ గుడ్డ, తెల్ల అంచు. ఆవిడ జీవితంలో అంత పెద్ద పని దొరకడం అదే మొదటిసారి. తెర మరునాడు అప్పగించాలి, ఇంటి దగ్గర కుచ్చులు కుట్టుకుందామని మూటకట్టి బయల్దేరింది. బస్సు దిగేసరికి కుండపోత వాన. ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. మూటను కడుపులో దాచుకున్నట్టు పట్టుకొని వచ్చింది. ఇంటి ముందు మీటరాయన గొడుగు పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆ గొడుగు కారు మీదుంది.

"ఏమండీ, నేను తడిసిపోయాను" అంది.

"నువ్వు ఆరిపోతావే. పైముసుగు మరకపడితే మరి పోదు" అన్నాడాయన. కోపంగా కాదు, విడమరిచి చెప్పాడు.

వెల్వెట్ ఎరుపు దిగి తెల్లంచుకు పాకింది. కళాశాలవాళ్ళు తెరను తిప్పి పంపారు. ఆవిడ ఏడవలేదు. గుడ్డ దండెం మీద ఆరేసి, తమ్ముడికి కబురు పెట్టింది.

ఆ తమ్ముడి దగ్గర ఒక డొక్కు కారుంది. అందులో నిచ్చెన, గ్యాసు బండ, ఇరుగుపొరుగు పిల్లలు అన్నీ ఒకేసారి ప్రయాణిస్తాయి. సొట్ట లేని చోటు దానికి లేదు. ఆ కారులో అక్కకు నడపడం నేర్పాడు. ఆవిడ రెండు గోడలను, ఒక గేటును తాకి, లైసెన్సు పుచ్చుకొని వచ్చింది. లైసెన్సు చూసిన క్షణం నుంచి మీటరాయనకు కంటిమీద కునుకు లేదు. భార్యకు నడపడం వచ్చింది, రేపో మాపో తెల్లకారు బయటికి తీస్తుంది, మీటరు తిరుగుతుంది. గుండె రాయి చేసుకొని ఒక నిర్ణయానికొచ్చాడు. దాదాపు కొత్తగా ఉండగానే కారును వెనక్కి ఇచ్చేయాలి.

కారు ఆవిడ పేరిట ఉంది కాబట్టి సంతకం అడిగాడు. "ఎక్కడ పెట్టాలి?" అని మాత్రం అడిగి పెట్టేసింది.

సూపర్‌మార్కెట్‌లో మీటరాయనకు రాజమర్యాదలు జరిగాయి. కారును ఎంత నిష్ఠగా కాపాడాడో, వానలో గొడుగు ఎలా పట్టాడో ఆయన పూసగుచ్చినట్టు చెబుతుంటే సలహాదారు తలాడిస్తూ విన్నాడు. 'ఉత్తమ వినియోగరహిత వినియోగదారుడు' అనే బిరుదు ప్రదానం చేసి, పింగాణీ కప్పు ఒకటి చేతిలో పెట్టారు. వాడకుండా దాచుకోమని చెప్పారు. డబ్బుకు బదులు కూపను ఇచ్చారు. అది ఆ సూపర్‌మార్కెట్‌లో తప్ప భూగోళం మీద మరెక్కడా చెల్లదు.

వారం తిరక్కుండా కర్టెన్లక్క కూపను తీసుకొని బయల్దేరింది. తమ్ముడు మూట పట్టుకొని వెంట వచ్చాడు. ఇంకా కొత్తది, దాదాపు తయారే కానిది ఏదైనా దొరుకుతుందేమోనన్న ఆశతో మీటరాయనా వచ్చాడు. సలహాదారు వాళ్ళను గుర్తుపట్టలేదు. అమ్మేవాడికి కొనేవాళ్ళందరి ముఖాలూ ఒక్కలాగే కనబడతాయట. నేరుగా తెల్లకారు దగ్గరికి తీసుకుపోయి గొంతు సవరించుకున్నాడు.

"ఇదొక మహానుభావుడి కారండీ. ఈ పట్టణం నీళ్ళన్నీ ఆయన చేతిమీదుగానే పారేవి. ఏం నిష్ఠండీ! ఇంట్లోవాళ్ళు తడిసినా సరే, కారు తడవనిచ్చేవారు కాదు."

"మరి ఆయన భార్య?" అంది కర్టెన్లక్క.

"మహారాణిలా చూసుకున్నారు మేడమ్. గుమ్మం దిగాల్సిన అవసరమే లేదావిడకి. ఈ కారులో ఒక్కసారి కూడా కూర్చోలేదంటే మీరే ఆలోచించండి!"

"అవును, కూర్చోలేదు."

"మీకు తెలుసా వాళ్ళు?"

"ఆవిడ కొంచెం తెలుసు. ఆయనే సరిగా తెలీదు."

మీటరాయన పరిస్థితి వేరుగా ఉంది. ఆఫీసులో గానీ ఇంట్లో గానీ ఆయన గురించి ఇంత మంచిమాట ఎవరూ చెప్పి ఎరగరు. "ఏమే, ఇలాంటి మనిషి కారు మళ్ళీ దొరకదు. కళ్ళకద్దుకొని తీసేసుకుందాం" అన్నాడు.

తమ్ముడు ఆయన చెవి దగ్గరకు వంగి, "బావా, అది నీ కారే" అన్నాడు.

"ఊరుకోవోయ్! మన కారుకి ఇంత చరిత్ర ఎక్కడేడ్చింది?"

తెచ్చిన కూపనుకు ఇంకొంత కలిపితే గాని పాత కారు మళ్ళీ రాలేదు. కలిపింది. తాళం చేతికి రాగానే మేనేజరు ప్రసంగానికి స్టూలెక్కబోయారు. అంతలో కర్టెన్లక్క సంచిలోంచి బట్టలు కత్తిరించే కత్తెర తీసి, వెనక తలుపు తెరిచి, సీటు కవరును ఈ చివరి నుంచి ఆ చివరికి కోసేసింది.

ఆ చప్పుడుకు అన్ని వరుసల్లో ట్రాలీలు ఆగిపోయాయి. ఒక తల్లి పిల్లాడి కళ్ళు మూసింది. పై కవరు మీటరాయన తొడిగింది. దాని కింద ఇంకొకటి, ప్రొఫెసరుగారిది కాబోలు. దాని కింద మూడోది, అంతకుముందు మహానుభావుడెవరిదో. అది కూడా కోశాక సీటు బయటపడింది. రంగు వెలిసి, అంచులు బీటలు వారి, ముట్టుకుంటే పొట్టు రాలుతోంది. ఎవ్వరూ కూర్చోకుండానే అది ముసలిదైపోయింది. ఊరి మీటర్లన్నీ పసిగట్టే మీటరాయన ఆ సీటునూ, ముందు మీటరులోని చిన్న అంకెనూ మార్చి మార్చి చూశాడు.

"మేడమ్! గ్యారంటీ పోయింది!" అని మేనేజరు కేక పెట్టారు.

"పోనివ్వండి" అని ఆవిడ సీటు మడిచి మూట లోపలికి తోసింది. పట్టింది. ఇంకా చోటు మిగిలింది.

స్టీరింగు ముందు కూర్చొని, అద్దం దించి, "ఎక్కుతారా, బస్సులో వస్తారా?" అని అడిగింది. మీటరాయన అలవాటుకొద్దీ చెప్పులు విప్పాడు. "వేసుకునే ఎక్కండి" అంది. వేసుకున్నాడు, ఎక్కాడు. మూట పక్కన ఒదిగి కూర్చున్నాడు. దారిలో ఆవిడ ఏడుసార్లు హారన్ కొట్టిందని తమ్ముడు మాకు చెప్పి మురిసిపోయాడు.

ఇప్పుడా కారు నిండా దారప్పోగులు, కొక్కేలు, వేరుశనగ తొక్కలు. కుడివైపు ఒక సొట్ట పడింది. దాన్ని ఇక ఏ సూపర్‌మార్కెట్ వెనక్కి తీసుకోదని మీటరాయన అప్పుడప్పుడు నిట్టూరుస్తుంటాడు. వాన పడితే మాత్రం అందులోనే ఇంటికొస్తాడు.

సూపర్‌మార్కెట్‌కు ఈ ఒక్క ఖాతాదారు పోయినందువల్ల నష్టమేమీ రాలేదు. మీలాంటి వివేకవంతుల ఆదరణతో రెండో శాఖ తెరుస్తోంది. పాఠకులను చూసి మేమూ గర్విస్తున్నాం. మీరు టీవీ రిమోటుకు కవరు తీయలేదు. మంచి కప్పులు బీరువాలోంచి దించలేదు. మంచి బట్టలు మంచి రోజు కోసం మడతపెట్టి ఉంచారు. ఈ పుస్తకాన్ని కూడా మధ్యలో మడత పడుతుందని సగమే తెరిచి, మెడ వంచి చదువుతున్నారు. అలాగే కానివ్వండి. రేపు మీ చరిత్ర చెప్పాల్సి వచ్చినప్పుడు మేం గొంతు సవరించుకొని గొప్పగానే చెబుతాం. ఎంతో నిష్ఠగల మనిషండీ, బతికిన గుర్తు ఒక్కటీ పడనివ్వలేదు అని.